నలభై రెండు రెమ్మల దుప్పి

మాజీ పెళ్ళాం కట్టుకున్న రెండో మొగుణ్ణి పోలీసులు పట్టుకున్నారన్న కబురు పొద్దున్నే, కాఫీ కన్నా ముందు అందితే ఎలా ఉంటుందో నాకు తెలుసు. చాలా బాగుంటుంది. కాకపోతే ఆ సుఖం నా దగ్గర ఎంతోసేపు నిలవలేదు. ఎందుకంటే కబురు మోసుకొచ్చింది ఆవిడే.

రోస్వీటా తలుపు కొట్టకుండానే లోపలికి వచ్చింది. చేతిలో గుడ్డ కప్పిన కేకు పళ్ళెం. మా రాబెన్‌జే ఊళ్ళో కేకు లేకుండా ఎవరూ ఎవరినీ సాయం అడగరు. పళ్ళెం పెద్దదైతే సాయం కూడా పెద్దదని అర్థం. ఇది రెండు చేతులతో మోయాల్సిన పళ్ళెం.

"హార్ట్‌మూట్‌ని కూచోబెట్టారు," అంది. "మహల్లో. కొమ్ముల హాల్లో."

"వాడి ఉద్యోగమే అక్కడ కూచోవడం కదా."

"బేడీలేసి కూచోబెట్టారు. పెద్ద కొమ్ము ఎత్తుకుపోయి దాని చోట నకిలీది పెట్టాడట."

"సంతోషం."

"నవ్వకు లోటార్. నవ్వితే నీ ఎత్తుపన్ను బయటికొస్తుంది."

నవ్వడం మానేశాను. పన్ను కోసం కాదు. హార్ట్‌మూట్ చీషాంగ్ దొంగతనం చేశాడంటే చెరువులో చేప బస్సెక్కిందన్నట్టు ఉంది. వాడు రొట్టెల కొట్లో చిల్లర ఎక్కువిస్తే, తిరిగిచ్చేటప్పుడు క్షమాపణ కూడా చెప్పే రకం. అలాంటి మనిషి నా పెళ్ళాన్ని ఎలా ఎత్తుకుపోయాడా అని నేను చాలాకాలం ఆలోచించాను. ఎత్తుకుపోలేదు, ఆవిడే నడిచి వెళ్ళిందని తేలింది.

"మధ్యాహ్నం వేటగాళ్ళు బాకాలు ఊదేసరికి డ్రెస్డెన్ నుంచి పోలీసు వ్యాను వస్తుంది," అంది రోస్వీటా. "వాణ్ణి అందులో ఎక్కిస్తే ఉద్యోగం పోతుంది. ఉద్యోగంతో పాటు గేటు పక్క ఇల్లు పోతుంది. అప్పుడు నేనూ, వాడూ, వాడి తల్లీ ఎక్కడికి పోతాం?"

అని చుట్టూ చూసింది. నా గదిలో ఒక మంచం, ఒక సోఫా, ఒక బల్ల ఉన్నాయి. ఆవిడ సోఫా వైపు చూసిన చూపు మామూలు చూపు కాదు. పొడవు కొలుస్తున్న చూపు.

నేను కోటు తొడుక్కున్నాను.

నా సంగతి ఒక్క ముక్కలో చెబుతాను. పేరు లోటార్ పెట్సోల్డ్. ఎనిమిదో తరగతితో బడి నన్ను వదిలేసింది. తూర్పు వైపు పాత ప్రభుత్వంలో పోలీసు కానిస్టేబులుగా పనిచేశాను. ఒక శరదృతువులో ఆ దేశమే కనిపించకుండా పోయింది. పోయిందని ఎవరూ ఫిర్యాదు ఇవ్వలేదు కాబట్టి వెతికే పని నాకు పడలేదు. యూనిఫాం మాత్రం వెనక్కి తీసుకున్నారు. అప్పటినుంచి మాంసం కొట్టు మీది గదిలో బోర్డు పెట్టుకుని తప్పిపోయిన కుక్కల్నీ, తప్పించుకున్న మొగుళ్ళనీ పట్టిస్తుంటాను. కుక్కలే నయం, దొరికినందుకు తోక ఊపుతాయి.

మేం వెళ్ళేసరికి మహలు ముందు మెట్ల మీద ఆకుపచ్చ కోట్ల వేటగాళ్ళు అప్పుడే చేరుతున్నారు. నవంబరు మూడు, వేటగాళ్ళ హుబెర్టుస్ పండగ. ఏటా ఆ రోజు మధ్యాహ్నం బాకాలు ఊది, హాల్లోకి వచ్చి, పెద్ద కొమ్ము కింద నిలబడి డ్యూక్ పేరు మీద వైన్ తాగడం వాళ్ళ తాతల నాటి ఆచారం. పెద్ద కొమ్మంటే ఎర్డ్‌మన్ డ్యూక్ ఈ మహలు కట్టిన కొత్తలో కొట్టిన దుప్పిది. నలభై రెండు రెమ్మలు. ఈ దేశంలో అంతకన్నా పెద్దది లేదని మా ఊళ్ళో పిల్లలకి నడక కన్నా ముందు నేర్పుతారు.

ఆ కొమ్ము ఇప్పుడు గోడ మీద లేదు. భోజనాల బల్ల మీద దుప్పటి పరిచి పడుకోబెట్టారు, రోగిని పెట్టినట్టు. గోడల నిండా మిగతా కొమ్ములు, డెబ్బైకి పైగా, కింద ఏం జరుగుతోందో చూడ్డానికి వచ్చిన చుట్టాల్లా వంగి ఉన్నాయి. బల్ల చివర కుర్చీలో హార్ట్‌మూట్ చేతులకి బేడీలతో, ఒళ్ళో ఈకల కుంచెతో కూచుని ఉన్నాడు. కుంచె వదలమంటే వదల్లేదట.

కమిషనర్ డాక్టర్ హాగెడోర్న్ కిటికీ దగ్గర నిలబడి ఉన్నాడు. తూర్పునీ పశ్చిమాన్నీ విడదీసిన గోడ కూలాక పశ్చిమం నుంచి మాకు చాలా వస్తువులు వచ్చాయి. అరటిపళ్ళు వచ్చాయి, వాడేసిన కార్లు వచ్చాయి, హాగెడోర్న్ వచ్చాడు. అరటిపళ్ళు ఒక్కటే తాజావి.

"పెట్సోల్డ్ గారూ," అన్నాడు నన్ను చూసి. "ఇక్కడ కుక్క ఏదీ తప్పిపోలేదే."

"ఈవిడ నన్ను పనికి పెట్టుకుంది. ముద్దాయి తరఫున."

"ఈవిడ మీ మాజీ భార్య అని విన్నాను. ఆయన ఈవిడ ప్రస్తుత భర్త. మీరు ఆయన్ని విడిపించడానికి వచ్చారు. మా వైపు ఇలాంటివి కోర్టులో తేల్చుకుంటారు."

"మా వైపు కేకుతో తేల్చుకుంటాం. ఏం జరిగిందో చెప్పండి."

చెప్పాడు. ఈ పెద్ద కొమ్ము వియన్నాలో ఒక ప్రదర్శనకి వెళ్ళాల్సి ఉంది. పంపేముందు పరీక్ష చెయ్యడానికి నిన్న అక్కడినుంచి నిపుణుడు ఒకాయన వచ్చాడు. కుడి పక్క పైనున్న రెమ్మ కొనకి సన్నటి రంధ్రం పెట్టాడు. కొమ్ము పొడి రాలాల్సిన చోట చెక్క పొడి రాలింది. లిండెన్ చెట్టు చెక్క. రెమ్మ మొదట్లో ఈ మధ్య పూసిన జిగురు కూడా కనిపించింది. ఆయన అక్కడికక్కడే కేకలు పెట్టి, పోలీసులకి ఫోన్ చేసి, సాయంత్రం రైలెక్కి వెళ్ళిపోయాడు.

"అసలు కొమ్ము తీసేసి చెక్కతో చేసిన నకలు పెట్టారు," అన్నాడు హాగెడోర్న్. "కొమ్ములు కిందికి దించే నిచ్చెన ఒక గదిలో ఉంటుంది. దాని తాళంచెవి ఈయన దగ్గర తప్ప ఇంకెవరి దగ్గరా లేదు. జేబులో ఇది దొరికింది." ఒక జిగురు గొట్టం చూపించాడు. "ఇక ఈయన భార్యగారు గేటు దగ్గర కొట్లో ఏం అమ్ముతారో మీకు తెలుసు."

తెలుసు. యాత్రికులకి ప్లాస్టిక్ దుప్పి కొమ్ములు అమ్ముతుంది. ఇంటి వెనక షెడ్డులో తనే అచ్చులు పోస్తుంది. గోడకి తగిలిస్తే చూసినవాళ్ళకి అసలుదే అనిపిస్తుంది. మా పెళ్ళప్పుడు ఆవిడ నన్ను కూడా అలాగే అందరికీ చూపించింది, చాలాకాలం ఎవరూ పట్టుకోలేదు.

"నేను పోసేది ప్లాస్టిక్, కమిషనర్ గారూ," అంది రోస్వీటా. "చెక్క పని నాకు రాదు."

"ఒకటి వచ్చినవారికి రెండోది రావడం అసాధ్యం కాదు."

నేను హార్ట్‌మూట్ ముందు కుర్చీ లాక్కుని కూచున్నాను. ఆవిడ నన్ను వదిలాక ఈ తొమ్మిదేళ్ళలో మేమిద్దరం ఇంత దగ్గరగా కూచోవడం అదే మొదటిసారి. తల దించుకున్నాడు.

"ఈ జిగురు దేనికిరా?"

"బూటుకి. అడుగు ఊడింది."

"ఏ బూటు?"

కుడికాలు ముందుకి పెట్టాడు. అడుగున మేకులు వరసగా మెరుస్తున్నాయి.

"అది మేకులతో కొట్టింది."

"ఎడంది," అన్నాడు. ఎడంకాలు చూసుకున్నాడు. దానికీ మేకులే. "ఇంట్లో ఇంకో జత ఉంది."

"లేదు," అంది రోస్వీటా వెనకనుంచి. "ఒక్కటే జత. కొనుక్కోమంటే కొనుక్కోడు."

"నువ్వు కాసేపు నోరు మూసుకుంటే మంచిది," అన్నాను ఆవిడతో. ఈ మాట పన్నెండేళ్ళ కాపరంలో ఎన్నిసార్లు అనాలనుకున్నానో లెక్కలేదు. పరాయి మొగుణ్ణి కాపాడ్డానికి వాడాల్సి వచ్చింది. "హార్ట్‌మూట్, దీన్ని ఆఖరుసారి ఎప్పుడు దించావు?"

"వసంతంలో. ఏటా వసంతంలో అన్నీ దించి తుడుస్తాను. నేల మీద వరసగా పరిచి."

"ఎవరైనా సాయం ఉంటారా?"

"ఎవరూ ఉండరు. రోస్వీటా కాఫీ తెస్తుంది, అంతే."

"పెద్ద కొమ్ము నువ్వు మార్చావా?"

"లేదు."

"ఎవరు మార్చారో తెలుసా?"

నోరు గట్టిగా మూసుకున్నాడు. ఈకల కుంచెని ఇంకొంచెం దగ్గరికి లాక్కున్నాడు. అబద్ధం రాని మనిషి మాట్లాడకుండా ఉన్నాడంటే లోపల నిజం పెద్ద సైజులో ఉందన్నమాట.

హాగెడోర్న్ బల్ల దగ్గరికి వచ్చాడు. "సమయం వృథా చెయ్యకండి. నకలు చేసినవాడు అజాగ్రత్తగా కూడా చేశాడు. మీరంతా నలభై రెండు అంటారు. నేను స్వయంగా లెక్కపెట్టాను. ముప్పై అయిదే ఉన్నాయి. ఏడు తక్కువ."

తలుపు దగ్గర నిలబడి వింటున్న ఇద్దరు వేటగాళ్ళు ముందు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. తరవాత నేల చూశారు. ఒకడికి దగ్గు వచ్చింది, నవ్వు ఆపుకుంటూ ఇద్దరూ బయటి మెట్ల మీదికి పోయారు.

"ఎలా లెక్కపెట్టారు?" అన్నాను.

"ఒకటి నుంచి మొదలుపెట్టి."

"కుడివైపు ఇరవై ఒకటి, ఎడంవైపు పద్నాలుగు. రెండూ కలిపారు."

"కలపక?"

"కలపకూడదు. ఎక్కువున్న పక్క లెక్కపెట్టి రెండింతలు చెయ్యాలి. రెండు పక్కలూ సమానం కాకపోతే ముందు 'బేసి' అని తగిలించాలి. ఇది బేసి నలభై రెండు. ఏ వేటగాణ్ణి అడిగినా ఇదే చెబుతాడు."

హాగెడోర్న్ కళ్ళద్దాలు తీశాడు. "లేని రెమ్మల్ని కూడా లెక్కలో వేస్తారా?"

"వేస్తాం."

"ఎందుకు?"

"దుప్పి బాధపడకుండా."

"ఇది గణితం కాదు, పెట్సోల్డ్ గారూ."

"గణితం అడవిలోకి రాలేదు, కమిషనర్ గారూ. ఇంకో సంగతి. బుడిపె ప్రతిదీ రెమ్మ కాదు. బాకా తాడు తగిలిస్తే జారకుండా నిలబడాలి. నిలబడితేనే లెక్క."

నా తాళంచెవుల గుత్తి తీసి ఒక్కొక్క రెమ్మకి తగిలించి చూశాను. అన్నిటికీ నిలబడింది. కుడివైపు ఇరవై ఒకటి, ఎడమ పద్నాలుగు. నకలు చేసినవాడు అజాగ్రత్తగా చెయ్యలేదు. అలా లెక్కపెడుతున్నప్పుడు వేలికి ఒకటి తగిలింది. ఎడంవైపు రెమ్మలు చల్లగా, కాస్త గరుకుగా ఉన్నాయి. కుడివైపు కొన్ని కూడా అలాగే ఉన్నాయి. మరికొన్ని మాత్రం కుర్చీకోడు పట్టుకున్నట్టు ఉన్నాయి.

"నిపుణుడు ఎన్ని చోట్ల రంధ్రం పెట్టాడు?"

"ఒక్క చోట. చాలు కదా. ఒక కాలు కర్రదైతే మనిషి కర్రవాడే అని ఆయన..." అక్కడ హాగెడోర్న్ ఆగాడు. తను అంటున్న మాట తనకే నచ్చలేదు.

"రోస్వీటా, నీ బ్రోచి ఇలా ఇవ్వు. కమిషనర్ గారూ, మీ లైటరు."

బ్రోచి పిన్ను ఎర్రగా కాల్చి, రంధ్రం పడిన రెమ్మ మొదట్లో గుచ్చాను. పొయ్యిలో పుల్ల పెట్టిన వాసన వచ్చింది. చెక్క. మళ్ళీ కాల్చి ఎడంవైపు రెమ్మకి పెట్టాను. పిన్ను దిగలేదు. సన్నగా పొగ లేచి జుట్టు కాలిన కంపు కొట్టింది. పెళ్ళిళ్ళకి వెళ్ళేముందు మా మేనత్త ఇనప చువ్వతో జుట్టు ఉంగరాలు తిప్పుకునేటప్పుడు ఇల్లంతా కొట్టే కంపు అదే. అది కొమ్ము. ప్రాణమున్న జంతువు తల మీద పెరిగిన కొమ్ము.

హాగెడోర్న్ ముక్కు దగ్గరికి తెచ్చి వాసన చూశాడు. పిన్ను నా చేతిలోంచి తీసుకుని తనే కాల్చి గుచ్చడం మొదలుపెట్టాడు. ఎడంవైపు అంతా కొమ్మే. కుడివైపు మొద్దు కొమ్మే. కుడి రెమ్మల్లో పద్నాలుగు కొమ్ము. ఏడు మాత్రం చెక్క.

"పద్నాలుగూ పద్నాలుగూ," అన్నాడు మెల్లగా. "అంటే అసలు దుప్పికి ఉన్నవి ఇరవై ఎనిమిది."

"అవును."

"కుడివైపు మాత్రమే ఏడు అతికించారు. రెండువైపులా అతికించాల్సిన అవసరం లేదు. ఎందుకంటే మీ లెక్క ప్రకారం ఒకటి అతికిస్తే రెండు పెరుగుతాయి." అతని మొహం వెలిగిపోయింది. "ఏడు చెక్కముక్కలు, పద్నాలుగు లాభం. పెట్సోల్డ్ గారూ, నేను మూడేళ్ళు పన్ను ఎగవేతల విభాగంలో ఉన్నాను. ఇంత శుభ్రమైన పని ఎప్పుడూ చూడలేదు."

అది నేను అనాల్సిన మాట. నోటి దాకా వచ్చింది కూడా. పశ్చిమం వాళ్ళు ఎప్పుడూ ఇంతే, బండి మనం తోస్తాం, స్టార్టయ్యాక వాళ్ళెక్కుతారు.

"కాబట్టి ఇది నకలు కాదు," అన్నాను, కనీసం మిగతా సగమైనా నేనే అనాలని. "నకలు చేసే దొంగ అంతా చెక్కతోనో ప్లాస్టిక్‌తోనో చేస్తాడు. అసలు కొమ్ముకి చెక్క రెమ్మలు తగిలించి పెట్టడు. ఎవరూ ఏమీ మార్చలేదు. ఇది మొదటినుంచీ ఇక్కడున్న కొమ్మే. మోసం ఉంది, కానీ అది డ్యూక్ కాలం నాటిది."

"లోటార్," అన్నాడు హార్ట్‌మూట్. "కాస్త మెల్లగా. తలుపు తీసుంది."

లేచి వెళ్ళి తలుపు నేనే మూశాను. వేటగాళ్ళు ఇంకా బయట మెట్ల మీదే ఉన్నారు.

హార్ట్‌మూట్ కుంచె వంక చూస్తూ చెప్పాడు. పక్క లోయ డ్యూక్ దగ్గర నలభై రెమ్మల కొమ్ము ఉండేదట. మా ఎర్డ్‌మన్‌కి అది తెలిసి నాలుగు రోజులు అన్నం సయించలేదట. అయిదో రోజు కుర్చీలు చేసే వడ్రంగిని పిలిపించాడు. అప్పటినుంచి ఈ హాలు కాపలాదారులు ఒకరి తరవాత ఒకరు ఈ రహస్యాన్నీ, జిగురు గిన్నెనీ కలిపి అప్పగించుకుంటూ వచ్చారు. వేసవిలో చెక్క ఎండి రెమ్మలు వదులవుతాయి. చూసుకుని అతికిస్తుండాలి.

"నాకు ముందున్న ట్రౌగోట్ హయాంలో ఒకసారి విందు మధ్యలో ఊడి పడింది. పాత ప్రభుత్వంలో ఒక పెద్ద నాయకుడి సూపులో. ఆయన ఎముక అనుకుని పళ్ళెం పక్కన పెట్టాడు. ట్రౌగోట్ పళ్ళేలు తీసే మిషతో ఎత్తుకొచ్చి కడిగి అతికించాడు. పోయేముందు నన్ను పిలిచి చెప్పాడు. జిగురు పల్చగా రాయమన్నాడు."

"ఇది చెబితే నిన్న సాయంత్రమే ఇంటికి పోయేవాడివి కదరా."

"చెబితే బయట వాళ్ళు దేని కింద నిలబడి తాగుతారు?"

"గోడ కింద."

"నీకు హాస్యంగానే ఉంటుంది." హార్ట్‌మూట్ మొదటిసారి తలెత్తాడు. "లోటార్, ఈ మహల్లో నిజమైనది ఏముంది చెప్పు. బయట రాళ్ళలా కనిపించేది సున్నం మీద రంగు. లోపల పాలరాయిలా కనిపించేది ఉత్త గచ్చు. సముద్రం లేని చోట డ్యూక్ దీపస్తంభం కట్టాడు. రేవు కట్టాడు, దాన్లో ఒక ఓడ, అది ఈ సరస్సు దాటి ఎక్కడికీ పోలేదు. దుప్పుల్ని నీళ్ళలోకి తోలి పడవల్లో సోఫాలేసుకుని కాల్చారు, దానికి వేట అని పేరు. అన్నీ వేషాలే. అయినా జనం బస్సులేసుకుని వస్తారు. పెళ్ళికూతుళ్ళు మెట్ల మీద ఫోటోలు దిగుతారు. వచ్చిన ప్రతివాడూ ఈ కొమ్ము కింద నిలబడి తలెత్తి నోరు తెరుస్తాడు. ఇంట్లో ఏ గొడవ ఉన్నా ఆ కాసేపు మరిచిపోతాడు. నేను రోజూ చూస్తాను. ఆ నోళ్ళు మూయించి నేనింటికి పోయి పడుకోనా?"

బడిలో ఉన్నప్పుడు మా పంతులు మమ్మల్ని ఇక్కడికి తీసుకొచ్చాడు. నేనూ ఈ కొమ్ము కిందే నిలబడి నోరు తెరిచాను. బడిలో నేర్చుకున్నవన్నీ పోయి నాకు గుర్తున్నది ఒక్కటే, నలభై రెండు. అది కూడా ఇరవై ఎనిమిదని ఇవాళ తేలింది.

హాగెడోర్న్ గొంతు సవరించుకున్నాడు. జేబులోంచి తాళంచెవి తీసి హార్ట్‌మూట్ బేడీలు విప్పాడు. "దొంగతనం జరగలేదు. ప్రాచీన కాలపు మరమ్మతు అని రాస్తాను. వియన్నా వారికి కొమ్ము ప్రయాణానికి తట్టుకోదని చెబుదాం. డ్యూక్ గారిని అరెస్టు చేసే అధికారం నాకు లేదు."

ఆ మాటతో, ఒక్క నిమిషం పాటు, పశ్చిమం వాళ్ళందరూ ఒకలా ఉండరేమో అనిపించింది. అలా అనిపించినందుకు నాకు కోపం కూడా వచ్చింది.

రోస్వీటా కేకు మీది గుడ్డ తీసింది. కత్తి తీసి ముక్కలు కొయ్యడం మొదలుపెట్టింది. పెద్ద ముక్క హార్ట్‌మూట్‌కి, తరవాతిది కమిషనర్‌కి. "అయిపోయింది కదా లోటార్. నీ ముక్క కాగితంలో చుట్టిస్తాను, దార్లో తిందువుగాని."

"ఒక్క చిన్న సంగతి," అన్నాడు హాగెడోర్న్ నోట్లో కేకుతో. "నివేదికలో పోలిక కోసం ఇంకో కొమ్ము పరీక్ష కూడా రాయాలి. నిస్సందేహంగా అసలుదని తెలిసినది ఏదైనా. చలికాచుకునే పొయ్యి పైన తగిలించినది అందుతుంది."

"దాన్నెందుకు కాల్చడం, పాపం," అంది రోస్వీటా.

"ఒక్క పిన్ను పోటు."

కుర్చీ ఎక్కి పిన్ను కాల్చి పెట్టాను. వెన్నలో దిగినట్టు తలదాకా దిగిపోయింది. వచ్చింది జుట్టు వాసన కాదు, పొయ్యి వాసన కూడా కాదు. పాత ప్లాస్టిక్ దువ్వెన కాలితే వచ్చే వాసన.

కుర్చీ దిగి, పక్క కొమ్ము కింద వేసుకుని ఎక్కాను. దువ్వెన. దాని పక్కది. దువ్వెన. గుమ్మం మీద ఉన్నదాన్ని వేలితో తట్టితే ఖాళీ డబ్బాలా పలికింది. హాగెడోర్న్ కేకు ముక్క బల్ల మీద పెట్టేసి ఇంకో కుర్చీ తెచ్చుకుని అవతలి గోడ నుంచి మొదలుపెట్టాడు. ఇద్దరం చెరోవైపు ఎక్కుతూ దిగుతూ హాలు మధ్యకి వచ్చేసరికి, డెబ్బై చిల్లర కొమ్ముల్లో మేం ముట్టుకున్న ప్రతిదీ ప్లాస్టిక్ అని తేలింది.

"అంటే," అన్నాడు హాగెడోర్న్ కుర్చీ మీద నుంచే, "దొంగ అన్నీ తీసుకుపోయి, అన్నిటికన్నా పేరున్నదాన్ని మాత్రం వదిలేశాడు."

"వదిలేశాడంటే అది కొనేవాడి చేతికి వెళ్తే పట్టుబడుతుందని తెలుసన్నమాట," అన్నాను. "అందులో చెక్క ఉందని తెలిసినవాడు."

"తెలిసినవారెవరు? ట్రౌగోట్?"

"పోయాడు."

ఇద్దరం హార్ట్‌మూట్ వైపు చూశాం. వాడు మమ్మల్ని చూడ్డం లేదు. లేచి గోడ పక్కన నడుస్తున్నాడు, ఒక్కో కొమ్మునీ చేత్తో తడుముతూ, ఊరెళ్ళి తిరిగొచ్చి ఇంట్లో సామాన్లు లేకపోతే తడుముకునేవాడిలా. వీటిని ఇరవై ఏళ్ళుగా ఏటా దించి తుడిచి తగిలించిన మనిషి. వసంతంలో దించినప్పుడు ఇవి అసలువే అయ్యుండాలి, ఆ తరవాత ఈకల కుంచెతో పైపైన దులిపేవాడికి బరువు ఎలా తెలుస్తుంది? వాడికి నిజంగానే ఏమీ తెలియదు. అంత తెల్లగా పాలిపోయిన మొహం అబద్ధంతో తెచ్చుకోలేరు.

ఆ మొహం మెల్లగా తిరిగి కేకు పళ్ళెం వైపు ఆగింది.

భర్త తన రహస్యం భార్యకి చెప్పడానికి ఏ ఊళ్ళోనైనా పెద్ద సందర్భం అక్కర్లేదు. దీపం ఆర్పి పడుకున్నాక ఏదో ఒకటి మాట్లాడుకోవాలి. నేను ఆ టైములో గురక పెట్టేవాణ్ణి. హార్ట్‌మూట్ మాట్లాడే రకం. పొద్దున్న ఆవిడ ఎందుకంత పెద్ద కేకు చేసుకొచ్చిందో కూడా నాకప్పుడే అర్థమైంది. మొగుణ్ణి విడిపించడానికే వచ్చింది, అందులో అబద్ధం లేదు. ఒక్క కొమ్ము సంగతి తేల్చి, మిగతావాటి వంక చూడకుండా ఇంటికిపోయే మనిషి కావాల్సి వచ్చింది. ఊరంతా వెతికి నన్ను ఎంచుకుంది.

బయట మెట్ల మీద బాకాలు మొదలయ్యాయి.

హార్ట్‌మూట్ కిటికీ పక్కనున్న కొమ్ము దగ్గర ఆగి, దాన్ని ఆసరాగా పట్టుకున్నాడు. తరవాత రెండో చెయ్యి కమిషనర్ వైపు చాపాడు, మణికట్టు పైకి పెట్టి.

"నేనే అమ్మాను," అన్నాడు. "నేనొక్కణ్ణే. రాసుకోండి."

"హార్ట్‌మూట్," అన్నాను, "మొదట ఏది అమ్మావు?"

హాలంతా చూశాడు. బూటు అబద్ధం చెప్పినప్పుడు ఎలా వెతుక్కున్నాడో అలాగే వెతుక్కున్నాడు. చివరికి తను పట్టుకున్నదాన్నే గడ్డంతో చూపించాడు.

"ఇదే. ఇదే మొదటిది. చాన్నాళ్ళయింది."

రోస్వీటా కత్తికి అంటిన కేకు గుడ్డతో తుడిచింది. కత్తి పళ్ళెం పక్కన పెట్టింది. కమిషనర్ని చూడలేదు, నన్ను చూడలేదు.

"దాన్ని వదిలెయ్యి హార్ట్‌మూట్," అంది. "అది మొన్ననే పెట్టాను. రంగింకా ఆరలేదు."